అడగడం వరకే

పన్నెండో ప్రశ్న దగ్గర బుడ్డది మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది.

ప్రశ్నలక్క పెన్ను ఆపి, ఫ్యాను గాలికి ఫారం లేచిపోకుండా అట్ట మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. ప్రశ్నలక్క అన్నది ఆ వీధిలో అమ్మలు ఆమెకి పెట్టిన పేరు. వారానికోసారి వస్తుంది, నలభై ఆరు ప్రశ్నలు అడుగుతుంది, గళ్ళలో టిక్కులు పెట్టుకుని వెళ్ళిపోతుంది. మూడో అంతస్తులో ఈ ఇంటికి రావడం ఇది పదకొండోసారి. బుడ్డదానికి మొన్ననే మూడు నెలలు నిండాయి.

"అడగండక్కా, దాని గోల దానిదే," అంది బుడ్డదాని తల్లయిన ఆ అమ్మాయి, బిడ్డని ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి మార్చుకుంటూ.

జుట్టు ముడి సగం ఊడి మెడ మీద పడుతోంది. కట్టుకున్న చీర మీద పాలు ఎండిన మరక. ముఖం కడుక్కుందో లేదో కూడా తెలియడం లేదు. కూర్చుంటే బిడ్డ ఊరుకోదు కాబట్టి, గోడ నుంచి కిటికీకీ కిటికీ నుంచి గోడకీ తిరుగుతోంది. మూలన ఉతకాల్సిన గుడ్డలు బకెట్‌లో నానుతున్నాయి. ఆమె మొగుడు లారీ మీద ఉంటాడు; పదిహేను రోజులకోసారి వచ్చి, రెండు రోజులు నిద్రపోయి వెళ్ళిపోతాడు.

పక్కింట్లోంచి పకపకా నవ్వులు వినిపించాయి. అక్కడా ఇలాంటి తల్లే, ఇలాంటి బిడ్డే. కాకపోతే ఆ ఇంటికి ప్రశ్నలతో పాటు తూకం అక్క కూడా వస్తుంది. బిడ్డని తూస్తుంది, స్నానం ఎలా చేయించాలో చూపిస్తుంది, ఓ గంట కూర్చుని తల్లి చెప్పేదంతా వింటుంది. ఇళ్ళల్లో చంటిపిల్లల మీద చెయ్యి పడకుండా, వాళ్ళని గాలికి వదిలెయ్యకుండా చూడాలంటే, ఇలా ముందే ఒకరు వెళ్ళి తల్లికి తోడుంటే పనికొస్తుందా, రాదా? అదే వీళ్ళు చేస్తున్న పరిశోధన. మొత్తం ఆరువందల ఇళ్ళు. ఎవరికి తోడు ఇవ్వాలో కంప్యూటరే చీటీలు తీసి రెండు జట్లు చేసింది. పక్కింటికి తోడు వచ్చింది. ఈ ఇంటికి ప్రశ్నలే వచ్చాయి.

"ముప్పై ఒకటి," అంది ప్రశ్నలక్క. "గడిచిన వారంలో, బిడ్డని ఏమైనా చేసేస్తానేమో అని భయం వేసిందా? ఎప్పుడూ లేదు, ఒకసారి, చాలాసార్లు."

పది వారాలుగా ఈ ప్రశ్న పూర్తి కాకముందే "లేదు" అనేసేది. ఈసారి కిటికీ దగ్గర ఆగింది. బిడ్డ వీపు మీద జోకొడుతున్న చెయ్యి కూడా ఆగింది. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చెయ్యడానికి మూడుసార్లు తన్నారు. నాలుగోసారికి అందుకుంది.

"లేదని పెట్టండక్కా."

ప్రశ్నలక్క టిక్కు పెట్టింది. పెన్ను గడిలో ఉండాల్సిన దానికన్నా ఒక క్షణం ఎక్కువే ఉంది.

నలభై ఆరూ అయిపోయాక, ఫారం సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంటుంటే ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది.

"అక్కా, ఇది ఫారంలో లేదు కదా, ఊరికే అడుగుతున్నా. ఏడుపు ఎంతకీ ఆగకపోతే ఏం చెయ్యాలి? పక్కింటావిడకి తూకం అక్క ఏదో నేర్పించిందట, చేతి మీద బోర్లా పడుకోబెట్టడం. గోడ ఇవతలికి సగం వినిపించి సగం వినిపించలేదు."

"నేను చెప్పకూడదమ్మా. నా పని అడగడం వరకే."

"తెలుసులెండి." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "మొన్న దాన్ని లోపల గదిలో పడుకోబెట్టి, బయట గడియ పెట్టేసి కిందకి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నా. పదకొండు నిమిషాలు. గడియారం చూసుకుంటూనే కూర్చున్నా. ఇంకో నిమిషం ఇక్కడే ఉంటే..." బిడ్డ తల మీద గడ్డం ఆనించింది. "వెళ్ళిరండక్కా. ఎండెక్కుతోంది."

మిగతా నాలుగిళ్ళలోనూ ప్రశ్నలక్క ఏం అడిగిందో, వాళ్ళేం చెప్పారో సాయంత్రానికి ఆమెకే గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్నే, ఆఫీసు తలుపులు తీసేసరికే వెళ్ళి డాక్టరుగారి గది ముందు నిలబడింది. ఈ పరిశోధన అంతా ఆవిడ తలపెట్టిందే. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దానికోసమే బల్లంతా వెతుక్కునే మనిషి. ఎవరైనా ఏదైనా చెబుతుంటే మాత్రం పని ఆపేసి వింటుంది.

విన్నాక అంది: "ఆ బిడ్డకి ప్రమాదం ఉందని నీకు అనిపిస్తే ఇప్పుడే చెప్పు. పిల్లల సంరక్షణ ఆఫీసుకి ఫోన్ చేస్తాను. అందులో మన చీటీలూ లేవు, జట్లూ లేవు."

"ప్రమాదం అని కాదండీ. ఆ పిల్ల అలిసిపోయింది. ఒంటరిగా ఉంది. ఒక్క పూట ఎవరైనా..."

"అలసటకి మన ఫారంలో గడి లేదు."

"అదేనండీ నేను చెప్పేది. ఫోన్ చేస్తే ఆఫీసు వాళ్ళు వచ్చి దిగుతారు. చెయ్యకపోతే ఎవరూ రారు. మధ్యలో ఇంకేం లేదా?"

"ఆ మధ్యలో ఉండేదేమిటో, అది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికేగా మనం ఇక్కడ కూర్చుంది!" డాక్టరుగారు కుర్చీ ముందుకి లాక్కుంది. "నేనూ నీలాగే అనుకునేదాన్ని. ఇంతకుముందు ఒకచోట రెండేళ్ళు మనుషుల్ని ఇళ్ళకి పంపించాం. చివరికి లెక్క తీస్తే, మావాళ్ళు వెళ్ళిన ఇళ్ళ మీదే పిల్లల్ని సరిగ్గా చూడట్లేదన్న ఫిర్యాదులు ఎక్కువ. ఎందుకు? అక్కడ చూసే కళ్ళు ఉన్నాయి కాబట్టా? మావాళ్ళ మాటలతో ఆ తల్లులు ఇంకా బెదిరిపోయారా? ఈరోజుకీ నాకు తెలీదు. మంచి చేస్తున్నామని అనుకోవడం వేరు, చేశామని తెలియడం వేరు. నువ్వు అన్ని ఇళ్ళలోనూ ఓ చెయ్యి వేస్తూ పోతే మనకెప్పటికీ తెలీదు."

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ప్రశ్నలక్కకి మరీ చిరాకేసింది. తప్పుంటే పోట్లాడైనా పోట్లాడేది.

బుధ, గురువారాలు కాలు ఒకచోట నిలవలేదు. తాళం వేసి మళ్ళీ వెనక్కొచ్చి చూసుకుంది. ఒక ఇంట్లో పదిహేడో ప్రశ్న రెండుసార్లు అడిగితే, ఆ ఇల్లాలు "ఏంటక్కా, జవాబు నచ్చలేదా?" అని నవ్వింది. బస్సులో ఎవరి చంటిపిల్ల ఏడ్చినా మెడ తిప్పి చూసింది. ఎక్కడో తలుపు గడియ పడిన చప్పుడైతే ఆగి వెనక్కి తిరిగింది.

శుక్రవారం సాయంత్రం ప్రశ్నలక్క వాళ్ళ పెద్దక్క వచ్చింది. రెండు వీధుల అవతలే ఉంటుంది. వచ్చిందంటే వంటింట్లో గట్టు మీద కూర్చుని ఏదో ఒకటి తరగకుండా ఉండలేదు. ఆ రోజు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"ఏమే, అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతావేం?"

చెప్పింది. పేరు, వీధి చెప్పకుండా మిగతాదంతా చెప్పింది. చివర్లో అంది: "నా కూతురూ అలా ఏడ్చేది కదక్కా, నేనెప్పుడూ అంతదాకా రాలేదే?"

పెద్దక్క చేతిలో కాయ ఆగింది.

"రాలేదా?" అంది. "ఓ రోజు మధ్యాహ్నం దాన్ని తెచ్చి మా గుమ్మంలో పడుకోబెట్టి, వెనక్కి కూడా చూడకుండా బస్టాపుకి నడిచిపోయావు. చెప్పులు కూడా లేవు కాళ్ళకి."

"నేనా?"

"లేదు, నేను! చీకటి పడకముందే నువ్వే తిరిగొచ్చావు. నేను టీ పెట్టిచ్చాను. ఎక్కడికెళ్ళావని అడగలేదు. ఆ తర్వాత పదిహేను రోజులు నీ కూతురు పగలంతా మా ఇంట్లోనే ఉండేది. నీకు జ్వరమని అందరికీ చెప్పాను." మళ్ళీ ఈనె తీసింది. "మర్చిపోయావంటే మంచిదేలే. నేనూ ఎవరికీ చెప్పలేదు."

ప్రశ్నలక్క స్టవ్ కట్టేసి, ఎందుకు కట్టేసిందో తెలియక మళ్ళీ వెలిగించింది.

శనివారం ఆమెకి సెలవు. మధ్యాహ్నం రెండింటికి, అట్ట గానీ ఫారాల సంచి గానీ లేకుండా, ఆ మూడంతస్తులూ ఎక్కింది. మొదటి అంతస్తు నుంచే ఏడుపు వినిపిస్తోంది.

తలుపు తీసిన ఆ అమ్మాయి ఆమె ఉత్త చేతుల వంక చూసింది.

"ఈరోజు మంగళవారం కాదు కదక్కా?"

"కాదు. బిడ్డని ఇలా ఇవ్వు. నువ్వు కాసేపు పడుకో."

"చెప్పకూడదన్నారుగా?"

"నేనేం చెప్పట్లేదుగా. ఎత్తుకుంటానంటున్నా, అంతే."

బిడ్డని ఇచ్చేశాక ఆ అమ్మాయికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. బకెట్ దగ్గరికి వెళ్ళింది, వెనక్కొచ్చింది, దుప్పటి మడత పెట్టబోయింది. గోడకి చేరబడి కూర్చుంది. దుప్పటి ఒళ్ళో ఉండగానే తల పక్కకి వాలిపోయింది.

ప్రశ్నలక్క గోడ నుంచి కిటికీకి, కిటికీ నుంచి గోడకి తిరిగింది. ఆ వారంలోనే తూకం అక్కని అడిగి తెలుసుకున్నట్టు బిడ్డని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి ఊపింది. ఆగలేదు. భుజాన వేసుకుంది, వీపు నిమిరింది, పంపు తిప్పి నీళ్ళ చప్పుడు వినేలా చేసింది. బుడ్డది ముఖం కందగడ్డలా చేసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా చెవిలో కేకపెట్టేది. అరగంట గడిచింది. గంట గడిచింది. ఆ కేకలు చెవుల్లోంచి దిగి పళ్ళలోకి, అక్కణ్ణుంచి వేళ్ళలోకి పాకాయి. ఒకచోట, నడిచేదల్లా నిలబడిపోయింది. చూసుకుంటే తన వేళ్ళు ఆ చిన్న చేతి చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. గోళ్ళు తెల్లబడేంత బిగుసుకుని ఉన్నాయి.

బిడ్డని పరుపు మీద మెల్లిగా, చాలా మెల్లిగా పెట్టింది. బాల్కనీలోకి పోయి పంపు తిప్పి ముఖం కడుక్కుంది. ఊచలు పట్టుకుని నిలబడింది. ముగ్గురు మనుషులు వీధి దాటేదాకా లెక్కపెట్టి లోపలికొచ్చింది. బుడ్డది ఇంకా ఏడుస్తూనే ఉంది, చేతి మీద నాలుగు ఎర్రటి చారలు మాత్రం అప్పటికే మాయమవుతున్నాయి. మళ్ళీ ఎత్తుకుంది.

ఎందుకు ఆగిందో తెలియదు, నాలుగు కావస్తుండగా ఏడుపు ఆగింది. ఆ అమ్మాయి లేచేసరికి ఐదున్నర.

"ఏదీ?" అంటూ ఉలిక్కిపడి లేచింది. బిడ్డని చూసి, గడియారం చూసి నమ్మలేనట్టు కళ్ళు నులుముకుంది.

వెళ్ళేటప్పుడు ప్రశ్నలక్క గుమ్మంలో ఆగి, గొంతు తగ్గించి అంది: "నేను వచ్చానని ఎవరితోనూ అనకమ్మా. తూకం అక్కతో కూడా."

ఆ అమ్మాయి బిడ్డని భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వేసింది.

మంగళవారం అట్ట, ఫారం, పెన్ను అన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయి తల దువ్వుకుని ఉంది. బుడ్డది నిద్రపోతోంది. ముప్పై ప్రశ్నలు చకచకా అయిపోయాయి.

"ముప్పై ఒకటి. గడిచిన వారంలో, బిడ్డని ఏమైనా చేసేస్తానేమో అని..."

"చాలాసార్లు."

ప్రశ్నలక్క తలెత్తింది.

"పోయిన వారం కూడా అంతేనక్కా. అంతకు ముందు వారం కూడా. అబద్ధం చెప్పాను. అవి దిద్దుతారా?"

"అమ్మాయ్, ఆగు." ప్రశ్నలక్క పెన్ను కింద పెట్టేసింది. "ఈ గడిలో టిక్కు పడితే అదే రోజు పిల్లల సంరక్షణ ఆఫీసుకి ఫోన్ వెళ్తుంది. రూలు. వాళ్ళు వస్తారు. బిడ్డని చూస్తారు, నిన్ను అడుగుతారు, ఇరుగుపొరుగునీ అడుగుతారు. ఆ తర్వాత ఏం చేస్తారో నా చేతుల్లో లేదు. లేదని పెట్టనా?"

"మొదటి రోజు మీరేం చెప్పారు? ఇందులో మంచి జవాబూ చెడ్డ జవాబూ ఉండవు, నిజమైతే చాలన్నారు."

"అన్నాను. కానీ..."

"శనివారం నేను నిద్రపోతూనే ఉన్నాను గానీ, మధ్యలో ఓసారి మెలకువొచ్చింది." ఆ అమ్మాయి ఆమె కళ్ళలోకి చూడకుండా, నిద్రపోతున్న బిడ్డ వేళ్ళని ఒక్కొక్కటే విప్పుతూ మూస్తూ చెప్పింది. "మీరు నడుస్తూ నడుస్తూ ఆగిపోయారు. మీ చెయ్యి చూశాను. లేద్దామనుకున్నాను. ఈలోగా మీరే దాన్ని కింద పెట్టి బాల్కనీలోకి వెళ్ళారు. అప్పుడే మళ్ళీ నిద్ర పట్టేసింది నాకు. మీకు చెబితే నవ్వుతారేమో, బిడ్డ పుట్టాక అంత నిద్ర ఎప్పుడూ పోలేదు."

ప్రశ్నలక్కకి ముఖమంతా వేడెక్కింది. అట్ట అంచు వేలితో గీరుతూ కూర్చుంది.

"ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే రాక్షసిననుకున్నా," అంది ఆ అమ్మాయి. "మీరు ఇంత పెద్దవారు, ఎందరు పిల్లల్నో చూశారు. మీకే అలా వస్తే నాకు రాదా? వస్తుంది. రాయండి."

ప్రశ్నలక్క టిక్కు పెట్టింది. పక్కన ఎర్రపెన్నుతో చుక్క పెట్టింది. తర్వాతి ప్రశ్నలు అడుగుతుంటే తన గొంతు తనకే ఎవరిదోలా ఉంది. నలభై రెండు. నలభై మూడు. కాగితం తిప్పింది.

"నలభై ఐదు. బిడ్డకి..."

"నలభై నాలుగు వదిలేశారక్కా."

నలభై నాలుగు అచ్చులో స్పష్టంగానే ఉంది: ఈ వారంలో బయటివాళ్ళెవరైనా బిడ్డ విషయంలో సాయం చేశారా? చేస్తే ఎవరు, ఎన్ని గంటలు?

"దానికి ప్రతిసారీ చెప్పినట్టే..."

"చేశారు," అంది ఆ అమ్మాయి. "'ఎవరు' అన్నచోట మీరని రాయండి. మూడున్నర గంటలు."

"నా ఉద్యోగం పోతుందే పిచ్చిపిల్లా."

"నా బిడ్డ నా చేతుల్లోంచి పోవచ్చు," అంది ఆ అమ్మాయి. కోపంగా అనలేదు. "నేను నిజం చెప్పి మీరు చెప్పకపోతే ఎలా?"

ప్రశ్నలక్క పెన్ను ఆ ఖాళీ గీత మీదికి తెచ్చింది. తర్వాత వంగి, గుండ్రటి అక్షరాలతో, ఎప్పుడూ రాసేదానికన్నా నిదానంగా రాసింది: ప్రశ్నలు అడగడానికి వచ్చే మనిషి. మూడున్నర గంటలు.

ఆ ఫారం మిగతావాటితో కలపలేదు. తిన్నగా ఆఫీసుకెళ్ళి డాక్టరుగారి చేతికిచ్చింది. ఆవిడ నిలబడే చదివింది. ముప్పై ఒకటి చదివి ఫోన్ అందుకుంది. నలభై నాలుగు రెండుసార్లు చదివి, ఆ తర్వాత నంబరు నొక్కింది. మాట్లాడటం అయ్యాక కూర్చుంది.

"ఆ ఇల్లు మన లెక్కలోంచి తీసేస్తారాండీ?" అడిగింది ప్రశ్నలక్క. "ఆ పిల్ల పన్నెండు వారాలు జవాబులు చెప్పింది. నా మూలంగా అవన్నీ బుట్టలో పడితే..."

"ఏదీ తియ్యం. చీటీలో ఏ జట్టు వస్తే చివరిదాకా ఆ జట్టే. ఆమె అప్పుడు చెప్పిన అబద్ధమూ ఉంటుంది, ఇప్పుడు చెప్పిన నిజమూ ఉంటుంది, నువ్వు చేసిన పనీ ఉంటుంది." డాక్టరుగారు నెత్తి మీది కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వు దాచిపెట్టి ఉంటే నాకెప్పటికీ తెలిసేది కాదు. ఆరువందల ఇళ్ళలో ఇంకెన్ని దాచారో అని ఇప్పుడు భయమేస్తోంది నాకు."

"నన్ను తీసేస్తారా?"

"ఆ ఇంటికి ప్రశ్నలతో నువ్వు వెళ్ళడానికి లేదు. ఇంకొకరిని పంపిస్తాను. మిగతా ఇళ్ళ సంగతి పై కమిటీ చెబుతుంది, అప్పటిదాకా ఇక్కడే కూర్చుని ఫారాలు కంప్యూటర్‌లోకి ఎక్కించు." ఆ ఫారం మళ్ళీ చూస్తూ, "ఆ పిల్ల నిజంగానే మూడున్నర గంటలు పడుకుందా?" అని అడిగింది.

"కూర్చున్నది కూర్చున్నట్టే పడుకుందండీ."

డాక్టరుగారు తల ఊపి, ఆ ఫారాన్ని మిగతావాటి మీద పెట్టింది.

సంరక్షణ ఆఫీసు వాళ్ళు బుధవారం వచ్చారని, గురువారం తూకం అక్క చెప్పింది. తను పక్కింట్లోనే ఉందట. ఇద్దరు వచ్చారట. మెట్ల నిండా జనం గుమిగూడారట. ఎవరు ఫిర్యాదు చేశారని కింది అంతస్తు ముసలావిడ అడిగితే, ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చి, "నేనే చేశాను, నా మీద నేనే," అందట. రెండు గంటలు కూర్చున్నారట. బిడ్డని ఒళ్ళంతా చూశారట. వంటిల్లు, మందుల డబ్బా, లోపలి గది గడియ చూశారట.

"తర్వాత?" అంది ప్రశ్నలక్క.

"తర్వాతేముంది, ఆ గడియ ఊడదీసి పట్టుకుపోయారు. బిడ్డ తల్లి దగ్గరే ఉంది. సోమవారం, గురువారం ఓ మనిషి వస్తుందట. మూడు నెలలు చూస్తారట. ఆ లారీ ఆయనకి ఫోన్ చేశారు, ఆయన అటునుంచి ఒకటే అరుపులు. ఆ పిల్ల ఫోన్ పెట్టేసి ఏడ్చింది." తూకం అక్క సంచి సర్దుకుంటూ, "మనకి నోరుండి ఏం లాభం! ఏడుపు ఆ గోడలోంచి నాకు మూడు నెలలుగా వినిపిస్తూనే ఉంది," అంది.

మూడు నెలలు చూశాక ఏమంటారో ఎవరికీ తెలియదు. శుక్రవారం రోజంతా ప్రశ్నలక్క ఎవరెవరి జవాబులో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ కూర్చుంది. ఇంటికి వెళ్ళేముందు డాక్టరుగారి తలుపు దగ్గర ఆగింది.

"రేపు సెలవండీ నాకు."

"తెలుసు."

"వెళ్తాను."

డాక్టరుగారు తలెత్తలేదు. "వెళ్ళమని నేననలేను. వెళ్ళొద్దనీ అనలేను. మంగళవారం కొత్తావిడ అడిగినప్పుడు ఆ అమ్మాయి చెబుతుంది. అది రాసుకుంటాం."

శనివారం తలుపు తీసిన ఆ అమ్మాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కోపంగా ఉందో లేదో చూడటానికి ప్రశ్నలక్క ఆమె ముఖమంతా వెతికింది. ఏమీ తేల్చుకోలేకపోయింది. ఆ అమ్మాయి బిడ్డని చేతికిచ్చి, పాల సీసా ఎక్కడుందో చూపించింది.

"పడుకో," అంది ప్రశ్నలక్క.

"నిద్ర రావట్లేదక్కా. కాసేపు బయటికెళ్ళి వస్తా."

"ఎక్కడికి?"

"తెలీదు. ఊరికే."

చెప్పులేసుకుని మెట్లు దిగింది. బుడ్డది ముఖం చిట్లించి మొదలుపెట్టింది. ప్రశ్నలక్క దాన్ని భుజానికెత్తుకుని కిటికీ దగ్గరికెళ్ళింది. కింద ఆ అమ్మాయి వీధి దాటింది. అవతలి వైపుకి చేరాక, చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు చున్నీ కొస మెలిపెడుతూ నిలబడిపోయింది. ఎడమవైపు చూసింది. కుడివైపు చూసింది. పక్కనుంచి ఒక సైకిలు గంట కొట్టుకుంటూ పోయింది. ఒక్కసారి కూడా తలెత్తి తన కిటికీ వైపు చూడకుండా, ఆ అమ్మాయి కుడివైపుకి తిరిగి నడవడం మొదలుపెట్టింది.